రాయ్ లిక్టెన్‌స్టైన్ శైలిలో చుక్కల చిత్రం వేయడం ఎలా?

కామిక్స్, ప్రకటనల వంటి రోజువారీ బొమ్మలను చిత్రకళలోకి తెచ్చిన పాప్ ఆర్ట్ ధోరణికి చెందిన అమెరికా చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ పేరు చెప్పగానే రంగు చుక్కలు, మందమైన నల్లని గీతలు, మాటల బుడగల కింద కన్నీళ్లు పెట్టుకునే అమ్మాయిల ముఖాలు గుర్తుకు వస్తాయి. చుక్కలు పెట్టడం ఓపిక ఉన్న ఎవరికైనా వస్తుంది గాని, చుక్కలు పెట్టినంత మాత్రాన బొమ్మకు ఆ శైలి రాదు. అసలు పని అంతకు ముందే, చిన్న కాగితం మీద వేసే చిత్తు బొమ్మలో జరుగుతుంది.

ఆయన 1923 అక్టోబరు 27న న్యూయార్క్‌లో జన్మించారు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా సైన్యంలోకి వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి అక్కడే చదువు పూర్తి చేశారు. అక్కడి గురువు హాయిట్ షెర్మన్ చీకటి గదిలో ఒక బొమ్మను తెర మీద క్షణకాలం మెరిపించి, కళ్లలో మిగిలిన రూపాన్ని చీకటిలోనే గీయమనేవారు. వివరాలను విడివిడిగా కాకుండా బొమ్మను మొత్తంగా ఒకేసారి చూడడం ఆ పాఠం ఉద్దేశం. తరువాత చాలా కాలం అధ్యాపకుడిగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన లిక్టెన్‌స్టైన్ 1961లో కామిక్ బొమ్మల తరహాలో ‘లుక్ మిక్కీ’ అనే చిత్రం వేసేనాటికి నలభయ్యో పడికి దగ్గరలో ఉన్నారు. 1962లో న్యూయార్క్‌లోని లియో కాస్టెల్లి గ్యాలరీలో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. 1964లో ‘లైఫ్’ పత్రిక ఈయన అమెరికాలోకెల్లా అధ్వాన్నమైన చిత్రకారుడా అని శీర్షికలోనే ప్రశ్నించింది.

కావలసినవి: కాన్వాస్ లేదా మందపాటి డ్రాయింగ్ కాగితం; ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు అక్రిలిక్ రంగులు; సమానమైన రంధ్రాలు వరుసగా ఉన్న రేకు లేదా ప్లాస్టిక్ షీటు; స్పాంజి ముక్క; మాస్కింగ్ టేపు; రెండు మూడు బ్రష్షులు.

మొదట బొమ్మను ఎంచుకోండి. మీరు తీసిన ఫొటో గాని, మీరే గీసిన ముఖం గాని అయితే మంచిది. లిక్టెన్‌స్టైన్ ఇతరుల కామిక్స్ నుంచి బొమ్మలు తీసుకున్నారు. వాటిని గీసిన టోనీ అబ్రుజో, ఇర్వ్ నోవిక్ వంటివారి పేర్లు ఆ చిత్రాల పక్కన కనిపించలేదు. అలా పేరు చెప్పకుండా వాడుకున్నారన్న ఆక్షేపణ న్యాయమైనదేనని నా అభిప్రాయం.

తరువాత ఆ బొమ్మను అరచేతి వెడల్పు కాగితం మీద తిరిగి గీయండి. ఇక్కడే ఎక్కువ సమయం గడపాలి. 1963 నాటి ‘డ్రౌనింగ్ గర్ల్’ చిత్రాన్ని, దానికి ఆధారమైన అబ్రుజో బొమ్మను పక్కపక్కన పెట్టి చూస్తే ఏం చేయాలో అర్థమవుతుంది. మూలంలో మునిగిపోతున్న అమ్మాయి వెనుక, తలకిందులైన పడవను పట్టుకుని ప్రియుడు ఉంటాడు. లిక్టెన్‌స్టైన్ అతన్నీ పడవనూ తీసివేసి, ముఖాన్ని దగ్గరకు తెచ్చి, అలల వంపులు జుట్టు వంపులతో కలిసిపోయేలా గీశారు. బుడగలోని మాటలను కూడా కుదించి, ప్రియుడి పేరును మాల్ నుంచి బ్రాడ్‌గా మార్చారు. మీ చిత్తు బొమ్మలోనూ కథకు అక్కరలేని వస్తువులన్నీ తీసివేయండి, మిగిలిన గీతల్లో ఒకదాని వంపు మరొకదానికి అందేలా సవరించండి. కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూస్తే ఎక్కడ బరువు ఎక్కువైందో వెంటనే తెలుస్తుంది. ఆయన స్టూడియోలో కాన్వాస్‌ను నిలిపే చట్రం (ఈజిల్) కూడా కాన్వాస్‌ను ఎటైనా తిప్పుకునేలా ఉండేది.

చిత్తు బొమ్మను ఆయన ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీద పడేలా చేసి పెన్సిల్‌తో దిద్దుకునేవారు. ప్రొజెక్టర్ లేకపోతే రెండింటి మీదా గళ్లు గీసి, గడి గడికీ చూసుకుంటూ పెద్దది చేయవచ్చు.

ఇప్పుడు చుక్కల సంగతి. 19వ శతాబ్దపు ముద్రాపకుడు బెంజమిన్ డే పేరు మీద బెన్‌డే చుక్కలు అనే ఈ పద్ధతిలో, తెల్ల కాగితం మీద ఎర్రని చుక్కలను ఎడంగా అచ్చు వేస్తే దూరం నుంచి గులాబీ రంగు కనిపిస్తుంది, సిరా ఖర్చూ తగ్గుతుంది. మన దినపత్రికల ఆదివారం అనుబంధంలోని రంగు ఫొటోను భూతద్దంతో చూసినా చుక్కలే కనిపిస్తాయి, కాకపోతే అవి వెలుగునీడలను బట్టి చిన్నవీ పెద్దవీ అవుతాయి. లిక్టెన్‌స్టైన్ కామిక్ చిత్రాల్లో చుక్కలు మాత్రం ఒక్క ప్రాంతంలో ఒకే పరిమాణంలో ఉంటాయి. తొలి రోజుల్లో ఆయన కుక్కల బొచ్చు దువ్వే బ్రష్షును రంగులో ముంచి అద్దేవారు. అవి సమంగా రాకపోవడంతో తరువాత రంధ్రాల రేకులకు మారారు.

ముఖం భాగం తప్ప మిగతాదాన్ని టేపుతోనూ కాగితంతోనూ కప్పి, రేకును కాన్వాస్‌కు ఆనించి, చిక్కని రంగు కొద్దిగా అంటిన స్పాంజితో పై నుంచి నిలువుగా అద్దండి. రుద్దితే రంగు రేకు కిందికి పాకుతుంది. రేకును జరిపేటప్పుడు అడుగు భాగాన్ని తుడిచి, చివరి వరుస రంధ్రాలను ఇప్పటికే వేసిన చుక్కల మీద సరిగ్గా కూర్చోబెట్టి ముందుకు సాగండి. ఆయన వాడిన మాగ్నా అనే రంగును టర్పెంటైన్‌తో తుడిచివేయవచ్చు. మనం వాడే అక్రిలిక్ ఆరితే ఊడి రాదు, అందువల్ల తొందర పనికిరాదు.

చుక్కలు ఆరాక జుట్టుకు, దుస్తులకు ఒకే రంగును బ్రష్షు జాడ కనిపించకుండా రెండు పూతలు వేయండి. నల్ల గీతలు అన్నిటికన్నా చివర. అవి చుక్కల అంచులనూ రంగుల పొరపాట్లనూ కప్పుతాయి. గీత ఒకచోట సన్నగా మొదలై మధ్యలో లావెక్కి మళ్లీ సన్నబడాలి. బుడగలో తెలుగు మాటలు రాయదలిస్తే, ఒత్తులకూ గుడులకూ చోటు కావాలి కనుక వరుసల మధ్య ఎడం వదిలి, ముందే పెన్సిల్‌తో రాసి చూసుకోండి.