యాంటీబాడీ ర్యాపిడ్ టెస్టు: కంట్రోల్ గీత వచ్చింది సరే, శాంపిల్ పడిందా?

సమస్య: సి గీతే (కార్డు మీద C దగ్గర పడే కంట్రోల్ గీత) రాలేదు.
బఫర్ (శాంపిల్‌ను కార్డులో పారించడానికి కిట్‌తో వచ్చే ద్రవం) తక్కువ పడి ఉంటుంది, లేదా కవరు చించిన కార్డు చాలాసేపు బల్ల మీద ఉండి తేమ పట్టి ఉంటుంది. కొత్త కార్డు తీయండి. పాతదానికే ఇంకో రెండు చుక్కల బఫర్ పోసి గీత రప్పించాలని చూడొద్దు. ఫ్రిజ్‌లో పెట్టిన కిట్టయితే గది వేడికి వచ్చాకే కవరు విప్పాలి.

సమస్య: సి ఉంది, టి (యాంటీబాడీలు ఉంటే పడే టెస్టు గీత) లేదు, కానీ రోగిని చూస్తే నెగెటివ్ అంటే నమ్మకం కుదరడం లేదు.
ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. చాలా కిట్లలో సి గీతకు రోగి రక్తంతో పనే లేదు. కార్డులో ఎండబెట్టి ఉంచిన రంగు కణాలు బఫర్‌తో కొట్టుకొచ్చి అక్కడ అతుక్కుంటే చాలు, గీత పడుతుంది. శాంపిల్ వేయడమే మరిచిపోయినా పడుతుంది. ద్రవం పారిందనడానికే అది సాక్ష్యం.

వేయాల్సింది చాలా కిట్లలో 5 లేదా 10 మైక్రోలీటర్లే. అంత చిన్న చుక్క డ్రాపర్ మొన బయటివైపే అంటుకుపోతుంది, లోపల బుడగ ఉంటే సగమే దిగుతుంది, కాస్త పక్కకు జరిగితే గుంట ప్లాస్టిక్ అంచు మీదే ఆగిపోతుంది. రెండు గుంటల కార్డులో బఫర్ గుంటలో శాంపిల్ వేసేసేవాళ్లూ ఉంటారు. రక్తమైతే ఎర్ర మరక పట్టిస్తుంది. సీరమ్‌తో (రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపు ద్రవం) ఆ సౌకర్యం లేదు.

పరిష్కారం: మొనను నిటారుగా ప్యాడ్‌కు ఆనించి వదలండి. ప్యాడ్ తడిసిందని కళ్లారా చూశాకే బఫర్. మీ కిట్ ఏ రకమో తేల్చుకోవాలంటే ఒక కార్డులో ఉత్త బఫర్ వేసి చూడండి. సి వచ్చిందంటే పై మాటంతా దానికీ వర్తిస్తుంది. పాజిటివ్ అని ముందే తేలిన శాంపిల్‌తో ఇంకో కార్డు నడిపితే టి గీత సంగతీ తెలుస్తుంది.

శాంపిల్ సరిగ్గానే పడిందా? అయితే రోజులు లెక్కపెట్టండి. డెంగీలో ఐజీఎం (ఒక రకం యాంటీబాడీ) సాధారణంగా జ్వరం మొదలైన నాలుగైదు రోజులకు గానీ దొరకదు.

సమస్య: గీత మసగ్గా ఉంది.
ఫలితం చదవాల్సిన గడువులోపు వస్తే, ఎంత పల్చగా ఉన్నా, చాలా కిట్లలో అది పాజిటివే. గడువు దాటాక వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. టైమర్ పెట్టుకోమంటే ఎవరూ పెట్టుకోరు.

సమస్య: వరసగా అన్నీ పాజిటివ్‌లే.
వేరే కిట్ బఫరో, సెలైనో, నీళ్లో వాడారేమో ముందు అడగండి.

యాంటీబాడీలు మరీ ఎక్కువై టి గీత రాకపోవడం అరుదు. దాని గురించి ఆలోచించే ముందు డ్రాపర్ చూడండి.