కరెంటు ఎక్కువొచ్చి టీవీ కాలిందా? ముందు మెకానిక్‌ని పిలవకండి

దసరా దగ్గర పడితే గాలివానల భయం. 2013 ఫైలిన్, 2018 తిత్లీ, రెండూ అక్టోబరు రెండో వారంలోనే మన దక్షిణ ఒడిశా పక్కకి వచ్చాయి. తుఫాను దాకా ఎందుకు, రాత్రి నాలుగు గాలులు గట్టిగా వీస్తే చాలు, తెల్లారేసరికి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద వరసగా టీవీలు, ఫ్రిజ్‌లు పోయాయన్న కబురు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో వినబడుతుంది.

ఉరుముతుంటే ప్లగ్గు పీకాలని అందరికీ తెలుసు, అది వదిలేద్దాం. కరెంటు కంపెనీని పరిహారం అడిగినవాళ్ళు ఓడిపోయేది ఎక్కువగా ఒక్కచోటే. కంపెనీ మనిషి వచ్చి చూడకముందే సామాను బాగుచేయించేస్తారు. పర్లాకిమిడివాళ్ళు పాతపట్నం దాటించి శ్రీకాకుళం పంపేస్తారు, రాయగడవాళ్ళు విశాఖ పంపేస్తారు. అక్కడ మెకానిక్ కొత్త బోర్డు వేసి పాతది చెత్తలో పడేస్తాడు. ఆపైన "మీ ఇంటి వైరింగే బాగోలేదు" అంటే చూపించడానికి చేతిలో బిల్లు ముక్క తప్ప ఏమీ ఉండదు.

అసలు ఎందుకు కాలింది

చాలాసార్లు తప్పు పిడుగుది కాదు, స్తంభం మీది న్యూట్రల్‌ది, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగది. సింగిల్ ఫేజ్ ఇంటికి రావలసింది 230 వోల్టులు. న్యూట్రల్ జంపర్ (స్తంభం మీద తీగలను కలిపే ముక్క) తెగినా, వదులైనా వేర్వేరు ఫేజ్‌ల మీదున్న ఇళ్ళు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా పడి, రెండు ఫేజ్‌ల మధ్య ఉండే 400 వోల్టులను పంచుకుంటాయి. లోడు తక్కువున్న ఇంటి మీద ఎక్కువ వోల్టేజీ పడుతుంది. మీ ఇంట్లో బల్బులు కళ్ళు చెదిరేలా వెలిగి పక్కింట్లో మసకబారాయంటే ఇదే. వెంటనే మెయిన్ దించేయండి.

దీనికి మెయిన్ బోర్డులోని ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే దానంతటదే ఆగే స్విచ్) ట్రిప్ అవదు. ఎంత కరెంటు లాగుతున్నామన్నదే దానికి లెక్క, వోల్టేజీ దానికి పట్టదు. సర్జ్ ప్రొటెక్టర్ క్షణంలో వచ్చిపోయే దెబ్బకే, నిమిషాల తరబడి 350 వోల్టులొస్తే అదే కాలిపోతుంది. కావలసింది వోల్టేజీ హద్దు దాటితే సప్లై కోసేసే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో గాలివానలకు ముందే మెయిన్ బోర్డులో పెట్టించుకోండి.

టీవీ పవర్ బోర్డు మీద ఫ్యూజు పక్కన గుండ్రటి బిళ్ళలాంటి ముక్క ఒకటి ఉంటుంది, ఎంఓవీ అంటారు. వోల్టేజీ ఎక్కువైతే అది పగిలి నల్లబడుతుంది. దగ్గర్లోని పెద్ద కెపాసిటర్ తల ఉబ్బుతుంది. మీ కేసుకు ప్రాణం ఆ నల్లటి ముక్కే. బోర్డు మెకానిక్‌కి వదిలేయొద్దు.

మొదటి రోజు

1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. లైన్‌మన్ వచ్చి జంపర్ మళ్ళీ కట్టకముందే కింద నిలబడి ఫొటో, వీడియో తీయండి. కట్టేశాక సాక్ష్యం పోయినట్టే. స్తంభాన్ని గానీ దాన్ని లాగి పట్టే స్టే వైరును గానీ ముట్టుకోవద్దు.

అదేరోజు కరెంటు కంపెనీ సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, ఒడియాలోనో ఇంగ్లీషులోనో. కన్స్యూమర్ నంబరు, సమయం, కాలిన ప్రతి వస్తువు మోడల్, సీరియల్ నంబరు రాయండి. "వచ్చి తనిఖీ చేయండి, అంతవరకు రిపేరు చేయించం" అన్న వాక్యం తప్పక ఉండాలి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. లైన్‌మన్‌కి నోటితో చెప్పడం ఫిర్యాదు కింద లెక్క కాదు. పక్కిళ్ళవాళ్ళ సామాన్లూ పోతే వాళ్ళ కన్స్యూమర్ నంబర్లతో సంతకాలు కలపండి. నాలుగిళ్ళలో ఒకే రాత్రి కాలితే మీ వైరింగు మీదికి నెట్టడం కష్టం.

మీటరు సంగతి చాలామందికి తట్టదు. స్మార్ట్ మీటర్లు వోల్టేజీ పెరిగిన ఘటనలను తేదీ, సమయంతో దాచుకుంటాయి. ఆ జ్ఞాపకానికీ హద్దుంది, కొత్తవి చేరేకొద్దీ పాతవి చెరిగిపోతాయి. కాబట్టి ఆ డేటా తీసి భద్రపరచమని అదే దరఖాస్తులో అడగండి. మీటరే కాలి మారుస్తుంటే పాతదాన్ని సీలు వేసి ఉంచమనండి.

ఎక్కడికి వెళ్ళాలి

2003 విద్యుత్ చట్టం 42(5) కింద జీఆర్‌ఎఫ్ (ఫిర్యాదుల పరిష్కార వేదిక), దాని పైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. సెక్షన్ 57 కింద వచ్చే పరిహారం సేవా ప్రమాణాలు తప్పినందుకు. టీవీ, ఫ్రిజ్ నష్టం రాబట్టుకోవడానికి జిల్లా వినియోగదారుల కమిషన్ దారి ఉంది. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్ళు. కొత్త వస్తువు ధర అడిగి కూర్చోకండి, రిపేరు ఖర్చో తరుగుదల పోగా మిగిలిన విలువో అడగండి.

ఇంకొన్ని. కొన్న బిల్లులు, వెనక సీరియల్ నంబరు స్టిక్కరు ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. కరెంటు బిల్లు బకాయి ఉంచొద్దు. సర్వీస్ సెంటర్ కాగితం మీద "బోర్డు కంప్లయింట్" అని రాస్తే ఒప్పుకోవద్దు, ఏ భాగం కాలింది, ఎక్కువ వోల్టేజీ వల్లేనా అన్నది రాయించండి. ఆ కాగితం తేదీ మీ దరఖాస్తు తేదీకి ముందుండకూడదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. "సమస్య తీరింది" అన్న ఫారం మీద సంతకం చేసేటప్పుడు "సప్లై వచ్చింది, నష్టం తేలలేదు" అని చేత్తో రాయండి. ఇంటి ఎర్తింగ్ కొలిపించి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో రిపోర్టు తీసుకోండి. తనిఖీకి ఎవరూ రాకపోతే మరో ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి, కాలిన వస్తువును అన్ని పక్కల నుంచీ ఫొటో తీసి, అప్పుడు రిపేరుకివ్వండి. ఇచ్చినా సరే, పాత బోర్డు వెనక్కి తెచ్చుకోండి. కవర్లో పెట్టి తేదీ రాయండి.