నిలవ నీళ్ల మీద వాన: చెవికి, ఫోనుకి

నిలవ నీళ్ల మీద పడే వాన చప్పుడు వినాలన్నా, ఫోనులో రికార్డు చేయాలన్నా ముందు చూసుకోవాల్సింది వానని కాదు, గాలిని. గాలి వీస్తే ఫోను మైకులో బుసబుసలు తప్ప ఏమీ పడవు. మే నెల గాలివానలు ఇందుకు పనికిరావు. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం వల్ల ముసురు పట్టినప్పుడు, గాలి పడిపోయిన పూట చూసుకోండి.

విజయవాడలో అయితే ప్రకాశం బ్యారేజీకి ఎగువన, గేట్లు దించి ఉన్న రోజు వెళ్లాలి. గేట్లెత్తితే హోరులో చినుకు వినపడదు. దుర్గా ఘాట్ పక్కనే ఫ్లైఓవరు, హారన్లు. పున్నమి ఘాట్ కాస్త నయం, అదీ తెల్లవారుజామున ఐదింటికి. వరద హెచ్చరిక ఉంటే ఘాట్ వైపే పోవద్దు. మెట్ల మీద పాచి ఉంటుంది, తడి మెట్టు దిగకండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లలోపే ఉంటే లోపలికి వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

చాలామంది గొడుగు దగ్గరే దెబ్బతింటారు. గొడుగు గుడ్డ డప్పులా మోగుతుంది, నీటి చప్పుడంతా దాని కింద పోతుంది. పాత టర్కీ తువ్వాలు తడిపి, రెండు మడతలేసి గొడుగు మీద పరవండి. బరువే, చెయ్యి లాగుతుంది గానీ మోత ఆగుతుంది.

వినేటప్పుడు ఒక్క చినుకునే చూడండి. పడ్డచోట చిన్న గుంట పడుతుంది. అది పూడేటప్పుడు అడుగున గాలిబుడగ చిక్కుతుంది. మనకి వినపడే ‘టప్’ ఎక్కువగా ఆ బుడగ కంపించడం వల్లే, చినుకు తగిలిన దెబ్బది కాదు. అందుకే గట్టి నేల మీద వాన ఇలా పలకదు.

రికార్డింగుకి ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. యాప్‌లో నాయిస్ రిడక్షన్ ఆపేయడం అన్నిటికన్నా ముఖ్యం: దాని లెక్కలో వాన కూడా రొదే, తుడిచేస్తుంది. చప్పుడు స్థాయిని దానంతటదే పెంచి తగ్గించే ఆటో గెయిన్ కూడా ఆపండి. యాప్ సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలు, మోనో (ఒకే ఛానెల్) చాలు, ఫైలు నిమిషానికి 6 ఎంబీ లోపే. ప్లాస్టిక్ సంచిలో పెడితే సంచి చప్పుడే వస్తుంది. మందపాటి సాక్సు తొడిగి, మైకు ఉండే ఛార్జింగ్ రంధ్రం వైపు నీళ్లకేసి ఉంచి, గొడుగు కిందే పట్టుకోండి. పది నిమిషాలు కదలకూడదు.

ఘాట్ దాకా పోలేకపోతే డాబా మీద వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు చాలు. స్టీలు బేసిన్ గణగణమంటుంది. అడుగున మడతేసిన గోనెసంచి, లోపల జానెడు నీళ్లు ఉండాలి. తక్కువైతే చినుకు అడుగుకి తగిలి టకటకమంటుంది. వాన వెలిశాక టబ్బుని చూరు కిందికి జరపండి. అక్కడ లావు బొట్లు నిదానంగా పడుతుంటాయి, ఒక్కో బొట్టూ ‘డుబుక్’మని విడిగా వినపడుతుంది. చప్పుడు ఆగాక ఆ నీళ్లు పారబోయండి, వారం ఉంచితే దోమలు పుడతాయి.