ప్రాథమిక బడిలో చరిత్ర, భూగోళం బోధనకు ఏడాది ప్రణాళిక ఎలా వేసుకోవాలి?

మూడు నుంచి అయిదో తరగతి వరకు చరిత్ర, భూగోళం విడి సబ్జెక్టులుగా ఉండవు. రెండూ పరిసరాల విజ్ఞానంలో కలిసి ఉంటాయి. ఆరో తరగతిలో సాంఘికశాస్త్రం మొదలయ్యేసరికి పిల్లవాడికి రాజులు, ఖండాలు, అక్షాంశాలు ఒక్కసారిగా ఎదురవుతాయి. పటం చదవడం, కాలాన్ని కొలవడం అప్పటికే చేతికి అలవాటై ఉంటే ఆ పాఠాలు ఎక్కుతాయి, లేకపోతే బట్టీ తప్ప దారి ఉండదు. అందుకే ప్రాథమిక స్థాయిలో ప్రణాళికను పాఠాల జాబితాతో మొదలుపెట్టవద్దు. పిల్లలు నడిచి వెళ్లి చూడగల ఒక చోటుతో మొదలుపెట్టండి.

మొదట చోటు ఎంచుకోండి

తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో అన్నిటికంటే బాగా పనికొచ్చేది చెరువు. భూగోళం చెప్పడానికి కట్ట, తూము (నీరు వదిలే ద్వారం), అలుగు (నిండాక నీరు పొర్లిపోయే చోటు), ఆయకట్టు, శిఖం (నీరు దిగాక బయటపడే చెరువు నేల) ఉన్నాయి. చరిత్ర చెప్పడానికి కట్టించినవాళ్లు, తవ్వినవాళ్లు, కట్ట మీద గుడి, పక్కనే ఎక్కడో ఒక శాసనం రాయి ఉంటాయి. డెల్టా ఊళ్లలో ఆ పని కాలువ చేస్తుంది. తీరంలో రేవు, ఏజెన్సీలో వాగు, సంత తీసుకోవచ్చు. పట్నం బడి అయితే బజారు, రైల్వే స్టేషను, పాత బావి సరిపోతాయి.

ఎంపికకు మూడు షరతులు ఉన్నాయి. బడి నుంచి పిల్లలు ఇరవై నిమిషాల్లో నడిచి చేరుకోవాలి. ఏడాదిలో కనీసం రెండుసార్లు ఆ చోటు రూపు మారాలి. దాని గురించి చెప్పగల పెద్దలు ఊళ్లో ఉండాలి. మండలంలో ఎంత పేరున్న కోటైనా ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటే అది విహారయాత్రకే సరి, ఏడాది పొడవునా పాఠానికి ఆధారం కాలేదు.

ఇక్కడి నుంచి చెరువునే ఉదాహరణగా తీసుకుంటున్నాం. మీ ఊళ్లో అలుగును మత్తడి అన్నా, మరవ అన్నా పటం మీద ఆ మాటే రాయించండి.

పీరియడ్లు నిజాయితీగా లెక్కపెట్టండి

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అందులో పరిసరాల విజ్ఞానానికి వచ్చే పీరియడ్లలో సగం సైన్సుకు పోతుంది. మిగిలినవి వారానికి రెండు అనుకుంటే 34 వారాలకు 68. పరీక్షలు, పండుగలు, వానలు, శిక్షణలు, సెలవు పెట్టిన టీచరు తరగతిని సర్దుకోవడం, ఇవన్నీ పోను చేతిలో మిగిలేవి 50 అనుకోండి. ప్రణాళిక 50కే వేయాలి. 68కి వేస్తే ఫిబ్రవరిలో చివరి పాఠాలు పరుగుతో నడుస్తాయి. అలా పరుగుపెట్టే పాఠాలు ప్రతి ఏడూ అవే అవుతాయి, సాధారణంగా చరిత్రవే.

యాభైని ఇలా పంచవచ్చు: పటాలకు 18, కాలరేఖకూ పెద్దల మాటలు సేకరించడానికీ 16, ఎంచుకున్న చోటుకు వెళ్లే రెండు నడకలకు 6, పాఠ్యపుస్తకంలో మిగిలిన అంశాలకు 10. ఒక్కో నడకకు మూడు పీరియడ్లు కలిపి తీసుకోండి, ఒక్క పీరియడులో వెళ్లి రావడం కుదరదు.

నెలల వారీగా కాదు, వానల వారీగా

పాఠ్యపుస్తకం వరస ఎలా ఉన్నా చెరువు వరస వేరు. జూన్, జులైలో వాన, దిక్కులు, తరగతిగది పటం చేయండి. సెప్టెంబరు నెలాఖరున గానీ అక్టోబరులో గానీ చెరువు నిండుగా ఉన్నప్పుడు మొదటి నడక. నవంబరు, డిసెంబరులో పెద్దలతో ముచ్చట, ఎందుకంటే అప్పటికి పిల్లలకు అడగడానికి ప్రశ్నలు పుట్టి ఉంటాయి. మార్చిలో నీరు దిగాక రెండో నడక. అప్పుడు తూము, పూడిక, శిఖంలో వేసిన పంట కనిపిస్తాయి. రెండుసార్లూ కట్ట మీద ఒకే రాయి దగ్గర నిలబడి ఒకే వైపు ఫొటో తీయండి. ఆ రెండు ఫొటోల పక్కన కూర్చుని పిల్లలు మాట్లాడుకునేది ఏ పాఠం కంటే తక్కువ కాదు.

వాన కొలవడానికి నిలువుగా, ఒకే వెడల్పు ఉన్న సీసా కావాలి. అడుగు గుంటలుగా ఉండే కూల్‌డ్రింక్ సీసా అయితే గుంటలు నిండేంత వరకు గులకరాళ్లు, నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టండి. పై భాగం కోసి గరాటులా బోర్లించండి. స్కేలు అతికించి రోజూ ఒకే సమయానికి మిల్లీమీటర్లలో చదివించండి, చదివాక నీటిని మళ్లీ సున్నా గీతకు తేవాలి. చెట్టు కింద, చూరు కింద పెడితే లెక్క తప్పుతుంది.

పటం: నేల మీద నుంచి గోడ మీదికి

ఎక్కువ బడుల్లో పని చెడేది ఈ దశలోనే. గోడకు వేలాడే పటంతో మొదలుపెడితే పిల్లలు ఉత్తరం అంటే ‘పైకి’ అని, దక్షిణం అంటే ‘కిందికి’ అని నేర్చుకుంటారు. నదులు పైనుంచి కిందికి, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికే పారతాయనే పొరపాటు అక్కడే పుడుతుంది. పటాన్ని మొదట నేల మీద పరిచి, దాని ఉత్తరాన్ని అసలు ఉత్తరానికి తిప్పి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టండి. గోడకు ఎక్కించేది ఆ తర్వాతే.

అసలు ఉత్తరం కనుక్కోవడానికి ‘సూర్యుడు ఉదయించేది తూర్పు’ అన్నది సగం నిజమే. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 చుట్టుపక్కల రోజుల్లోనే. జూన్‌లో ఉత్తరానికి, డిసెంబరులో దక్షిణానికి మన ప్రాంతంలో దాదాపు 24 డిగ్రీలు జరుగుతుంది. నీడ పద్ధతి మేలు: చదునైన చోట మీటరు కర్ర నిటారుగా పాతి, పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా అయిదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర గులకరాయి పెట్టించండి. అన్నిటికంటే పొట్టి నీడ ఉత్తర దక్షిణాలు చూపుతుంది. అయితే ఈ పని జూన్, జులైలో చేయవద్దు. హైదరాబాదులో మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. నీడ జానెడైనా ఉండదు, ఉన్నది కూడా దక్షిణం వైపు పడుతుంది. అక్టోబరు నుంచి జనవరి లోపు చేస్తే నీడ పొడుగ్గా, ఉత్తరం వైపు చక్కగా పడుతుంది. జూన్‌లో దిక్కులకు దిక్సూచి వాడి, నీడ ప్రయోగాన్ని దసరా సెలవుల తర్వాతికి జరపండి.

స్కేలు తరగతిని బట్టి పెరగాలి.

మూడో తరగతిలో కొలతలు అక్కర్లేదు. బెంచీ మీద గ్లాసు, డబ్బా, పుస్తకం పెట్టి పైనుంచి చూసి గీయమనండి. పక్కనుంచి కనిపించే గ్లాసును గీసేవాళ్లు సగం మంది ఉంటారు. ‘పైనుంచి చూపు’ కుదిరేదాకా ముందుకు వెళ్లవద్దు. తర్వాత తరగతిగది, అడుగులతో.

నాలుగులో టేపుతో కొలత. ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గదికి సెంటీమీటరుకు ఒక మీటరు స్కేలు చాలు, నోటుపుస్తకంలో పడుతుంది. 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న బడి ఆవరణకు అదే స్కేలు వాడితే కాగితం చాలదు. సెంటీమీటరుకు రెండు మీటర్లు పెడితే 20, 15 సెంటీమీటర్లకు దిగి ఏ4 కాగితంలో పడుతుంది. స్కేలు ఎందుకు మార్చాల్సి వచ్చిందో పిల్లలే కనుక్కోవాలి. కాబట్టి ముందు మీటరు స్కేలుతోనే గీయనివ్వండి, కాగితం చాలకపోనివ్వండి.

అయిదులో ఊరు, చెరువు. రెండు కిలోమీటర్ల నేలను సెంటీమీటరుకు 50 మీటర్ల చొప్పున గీస్తే 40 సెంటీమీటర్లు, అంటే ఒక చార్టు. దాన్ని సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంతో పోల్చండి, అందులో కిలోమీటరు రెండు సెంటీమీటర్లు. మీ మండలం ఉన్న షీటును ముందుగా సంపాదించి ఉంచుకోండి. ఇస్రో వారి భువన్ వెబ్‌సైటులో ఉపగ్రహ చిత్రమూ చూపవచ్చు. కానీ పిల్లలు తమ పటం గీశాకే చూపండి, ముందే చూపితే చూసి గీస్తారు.

గోడ మీది పటం ఎప్పటిదో చూసుకోండి. 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్ర పటం ఇంకా వేలాడే గదులున్నాయి. తెలంగాణలో జిల్లాలు 2016 అక్టోబరులో 10 నుంచి 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26 అయ్యాయి. ఈ లెక్కలు మారుతూ ఉంటాయి, ఏటా జూన్‌లో సరిచూడాలి. పాత పటాన్ని మాత్రం పారేయకండి, కొత్తదాని పక్కన పెడితే అదే ఒక చరిత్ర పాఠం.

కాలరేఖ: ఖాళీలు కూడా కొలవాలి

గోడ మీద బొమ్మలను సమాన దూరంలో అతికిస్తే 1213కీ 1852కీ మధ్య ఎడం, 1953కీ 1956కీ మధ్య ఎడం పిల్లల కంటికి ఒకటే అవుతాయి. అందుకే తాడు వాడండి.

మూడో తరగతికి మీటరు తాడు, వందేళ్లు, సెంటీమీటరుకు ఏడాది. పిల్లవాడి వయసు ఎనిమిది సెంటీమీటర్లు, నాయనమ్మది అరవైకి పైన. అంతకు మించి వద్దు. అయిదో తరగతికి రామప్ప గుడి దాకా వెళ్లాలంటే ఎనిమిది వందల ఏళ్లు. సెంటీమీటరుకు రెండేళ్లు పెడితే తాడు నాలుగు మీటర్ల పైచిలుకు, గదిలో ఓ గోడ వెంట సరిపోతుంది. దాని మీద రామప్ప గుడి 1213, పోరుమామిళ్ల చెరువు శాసనం 1369, ధవళేశ్వరం ఆనకట్ట 1852, ఆంధ్ర రాష్ట్రం 1953, ఆంధ్రప్రదేశ్ 1956, తెలంగాణ 2014 క్లిప్పులతో తగిలించండి. మధ్యలోని పొడవాటి ఖాళీలను బొమ్మలతో నింపకండి.

కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం అయిదో తరగతికి దొరికిన పెన్నిధి. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన ఆ శాసనం చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, 6 దోషాలను చెబుతుంది. దోషాలు ఇవి: కట్టలోంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు మధ్య మెరక, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. ఈ ఆరూ కాగితం మీద రాసిచ్చి మార్చి నడకలో మన చెరువును పరీక్షించమనండి. ఆరున్నర వందల ఏళ్ల కిందటి రాతకు తమ ఊరి కట్ట మీద జవాబు వెతికే పిల్లలు ఆధారమంటే ఏమిటో అర్థం చేసుకుంటారు.

పెద్దలను అడగడం

‘పాత రోజుల్లో ఎలా ఉండేది తాతా?’ అంటే ‘అప్పుడు అన్నీ బాగుండేవి’ అన్న జవాబే వస్తుంది. ప్రశ్న చేతికి తగిలే వస్తువు మీద ఉండాలి. ‘మీరు అయిదో తరగతి ఈడులో ఉన్నప్పుడు తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు? ఎవరు తెచ్చేవారు? ఎన్ని బిందెలు?’ ఒక్కో జట్టుకు నలుగురు పిల్లలు, ఆరు ప్రశ్నలు చాలు. ఒకరు అడగాలి, ఇద్దరు రాయాలి, ఒకరు వస్తువులను బొమ్మ గీయాలి.

పెద్దలకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. కాబట్టి మేకుల్లాంటి తేదీలు పట్టిక వేసి పిల్లల చేతికివ్వండి: దివిసీమ ఉప్పెన 1977 నవంబరు, ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడం 1983 జనవరి, కోనసీమ తుపాను 1996 నవంబరు, కర్నూలు వరద 2009 అక్టోబరు, హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు, పెద్దనోట్ల రద్దు 2016 నవంబరు. ‘బోరింగు ఉప్పెనకు ముందు వేశారా, తర్వాతా?’ అని అడిగితే జవాబు కాలరేఖ మీద నిలుస్తుంది. మీ ప్రాంతానికి తగిన మేకులు మీరు చేర్చుకోండి.

రెండు జాగ్రత్తలు. వంశవృక్షం గీయమని ఇంటికి పంపకండి. అమ్మానాన్నలు లేని పిల్లలు, వలస వెళ్లినవాళ్ల పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ‘మీకు తెలిసిన ఎవరైనా పెద్దవారు’ అంటే చాలు. ఇంకొకటి, ముచ్చట ఒక్క వీధికే పరిమితం కాకూడదు. ఏ బావి ఎవరిది, ఎవరు ఎక్కడ నీళ్లు తోడుకునేవారు అన్న మాట తప్పక వస్తుంది. దాన్ని దాటవేయవద్దు, అయితే పిల్లలచేత పటం మీద ఇళ్లకు కులాల పేర్లు రాయించవద్దు. చెరువు మట్టి మోసినవాళ్లు, తూము కాపలా కాసిన నీరటి ఇళ్ల పెద్దలను కూడా బడికి పిలవండి. కట్టించిన రాజు పేరు పుస్తకంలో ఉంటుంది, వీళ్లది ఉండదు.

నడక

పదిమంది పిల్లలకు ఒక పెద్ద మనిషి. ఉదయం తొమ్మిదిన్నరకు బయల్దేరి పదకొండున్నర లోపు తిరిగి రావాలి. తల్లిదండ్రుల సమ్మతి, తాగునీరు, ప్రథమ చికిత్స డబ్బా తప్పనిసరి. అలుగు పారుతున్న రోజు వెళ్లకండి. ముందు రోజు టీచరు ఒక్కరే నడిచి, ఎక్కడెక్కడ ఆగాలో నాలుగు చోట్లు గుర్తుపెట్టుకోవాలి. నీటి అంచుకు కనీసం పది అడుగుల ఎడంగా ఆగే చోట్లు ఎంచండి. ఒక్కో చోట ఒకే పని: ఒకచోట గీయడం, ఒకచోట అడుగులతో కొలవడం, ఒకచోట వినడం, ఒకచోట ప్రశ్న రాసుకోవడం. అన్నిచోట్లా అన్నీ చేయిస్తే ఏదీ మిగలదు.

ఒకే టీచరు, మూడు తరగతులు ఉంటే

చోటు అందరికీ ఒకటే, పని వేరు. మూడో తరగతి చెరువు దగ్గర కనిపించినవాటిని బొమ్మల్లో గీస్తుంది, నాలుగు కట్ట పొడవు అడుగుల్లో కొలుస్తుంది, అయిదు ఆ కొలతను స్కేలుకు దించుతుంది. అయితే మూడేళ్లూ చెరువే అయితే అయిదుకు వచ్చేసరికి పిల్లలు విసుగెత్తుతారు. చెరువు ఒక ఏడు, సంతా దారులూ ఒక ఏడు, ఊరి పేర్లూ గుళ్లూ రాళ్లూ ఒక ఏడు, ఇలా మూడేళ్ల చక్రం వేసుకోండి. నైపుణ్యం తరగతిని బట్టి పెరగాలి, విషయం ఏడాదిని బట్టి మారాలి.

ఏం వచ్చిందో చూసుకోవడం

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారమే ‘ఇంటి నుంచి బడికి దారి గీయండి’ అని ఒక కాగితం ఇచ్చి, తేదీ వేసి దాచండి. మార్చిలో అదే పని మళ్లీ ఇవ్వండి. పక్కపక్కన పెట్టి మూడు విషయాలు చూడండి: మలుపులు సరైన వైపు తిరిగాయా, గుర్తులకు సూచిక ఉందా, దూరాలు ఒకదానితో ఒకటి పొసిగాయా. చరిత్రకు ఒక్కో సంఘటన రాసిన మూడు చీటీలు చాలు. పిల్లలు వాటిని కాలక్రమంలో పెట్టి, ఒక్కోదానికి ‘ఇది మనకెలా తెలుసు?’ అని ఒక వాక్యం రాయాలి. ‘టీచరు చెప్పారు’ అని రాసినవాళ్లు ఎక్కువగా ఉంటే వచ్చే ఏడు ముచ్చట్లకు ఇంకో నాలుగు పీరియడ్లు పెంచండి.

ఏప్రిల్‌లో తాడు, చార్టులు, వాన పట్టిక, రెండు ఫొటోలు ఒకే సంచిలో వేసి పైన సంవత్సరం రాయండి. వాన పట్టిక అయిదేళ్లు పోగైతే నాలుగో తరగతి దానితో గణితంలో దిమ్మెచిత్రాలు గీయవచ్చు. పెద్దల మాటలు రాసుకున్న నోటుపుస్తకాల్లో ఒకటి ఊరి గ్రంథాలయానికీ, ఒకటి పిల్లలు ఆరో తరగతికి చేరే ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్రం టీచరుకూ ఇవ్వండి.