సెకండ్ పీయూసీ: వచ్చిన జవాబుకి కూడా మార్కులు ఎందుకు పోతున్నాయి?

బెంగళూరు కేఆర్ పురంలో మా ఇంటి ముందు గదిలోనే లెక్కలు, ఫిజిక్స్ ట్యూషన్ చెప్తాను. సెకండ్ పీయూసీ, అంటే కర్ణాటకలో ఇంటర్ రెండో ఏడాది, బోర్డు పరీక్షల రోజుల్లో మధ్యాహ్నం రెండయ్యేసరికి పిల్లలు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే మొదలుపెడతారు: "పేపర్ ఈజీనే ఆంటీ, కానీ..." ఆ "కానీ" తర్వాత మాటలు ఏటా దాదాపు అవే. చదవక పోయిన మార్కుల సంగతి వేరు. వచ్చి కూడా పోగొట్టుకున్న వాటి గురించే ఇది.

"పార్ట్ ఏలో కరెక్ట్ ఆన్సరే రాశాను, మార్కు వేయలేదు"

ఒకబ్బాయి దిద్దిన ఫిజిక్స్ పేపర్ స్కాన్ కాపీ తెప్పించుకుని పట్టుకొచ్చాడు. ఏడో ప్రశ్నకి చివరి పేజీల్లో "డి" అని రాసి ఉంది. సరైన జవాబు అదే. మార్కు మాత్రం సున్నా. వాడి కోపం చూస్తే దిద్దినవాళ్ల మీద కేసు పెట్టేలా ఉన్నాడు. పేజీలు వెనక్కి తిప్పాను. రెండో పేజీలో అదే ఏడో ప్రశ్నకి "బి" అని తన చేతిరాతే. మొదట తోచింది రాశాడు, చివర్లో టైం మిగిలితే మళ్లీ చేసి ఇంకోచోట రాశాడు.

కారణం ప్రశ్నపత్రం మొదటి పేజీలోనే ఉంది. పార్ట్ ఏ ప్రశ్నలకి మొదట రాసిన జవాబునే దిద్దుతారని సూచనల్లో అచ్చువేస్తారు. ఆ సూచనలు చదివే పిల్లలు నాకింతవరకు ఇద్దరో ముగ్గురో తగిలారు. పార్ట్ ఏ అంటే 15 మల్టిపుల్ చాయిస్, 5 ఖాళీలు, మొత్తం 20 మార్కులు. లెక్కల్లో 80కి 20, ఫిజిక్స్‌లో 70కి 20.

ఏం చేయాలంటే, అనుమానం ఉన్న ప్రశ్నకి నంబరు మాత్రం వేసి, పక్కన ఖాళీ వదిలేయండి. తేలాక అదే ఖాళీలో నింపండి. పార్ట్ ఏ మొత్తం ఒకేచోట వరుసగా ఉండాలి. రెండు పేజీలు ఇక్కడ, రెండు అక్కడ వద్దు. చివరి పది నిమిషాల్లో చూడాల్సింది కొత్త జవాబుల కోసం కాదు, ఏ ఖాళీ అయినా అలాగే మిగిలిపోయిందా అని. ఇంట్లో మోడల్ పేపర్ రాసేటప్పుడే ఇది అలవాటు చేసుకోవాలి. హాల్లో కొత్త పద్ధతులు గుర్తుకురావు.

"లెక్క కరెక్ట్, మార్కులు సగం కూడా రాలేదు"

ఇది కోచింగ్ అలవాటు. మన తెలుగు ఇళ్లలో ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ అంటూ మొదలవుతుంది కదా, ఓఎంఆర్ షీటులో గుండ్రాలు నింపీ నింపీ మధ్య స్టెప్పులు రాయడం దండగ అనిపిస్తుంది. బోర్డు ఫిజిక్స్ పేపర్లో మాత్రం స్టెప్పులు లేకుండా నేరుగా జవాబు రాస్తే మార్కులుండవు. బొమ్మ అవసరమైన చోట బొమ్మ లేకపోయినా అంతే. ఈ రెండూ సూచనల్లో ఉన్నవే.

4 ఓమ్‌లు, 12 ఓమ్‌ల రెసిస్టర్లు రెండూ సమాంతరంగా ఉన్నాయనుకోండి. కోచింగ్ పిల్లాడు "3" అని రాసి ముందుకెళ్తాడు. బోర్డుకి ముందు సూత్రం ఒక లైన్లో రాయాలి, రెండో లైన్లో 48 బై 16 అని విలువలు వేయాలి, మూడో లైన్లో "3 ఓమ్" అని యూనిట్‌తో సహా ఉండాలి. అదనంగా పట్టేది అర నిమిషం. ఇంజనీరింగ్ కోసం సీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ ర్యాంకులో సగం వెయిటేజీ పీయూసీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులదే.

"టైం సరిపోలేదు"

అక్కలు, అన్నయ్యలు చెప్పిన లెక్క పాతది. 2024 మార్చిలో పరీక్ష 10:15 నుంచి 1:30 దాకా ఉండేది. 2025 నుంచి 10 నుంచి 1 దాకానే. లెక్కల పేపర్లో మార్కుకి రెండు నిమిషాలు వేసుకుంటే 160 నిమిషాలు, ఇంకో 20 మిగులుతాయి. ఆ 20 ఎక్కడికి పోతాయంటే, పార్ట్ ఈలో గ్రాఫ్ గీసి చేసే ఆరు మార్కుల లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కని చివరికి పెట్టుకుని, గ్రాఫ్ తప్పు స్కేలుతో మొదలుపెట్టి, చెరిపి మళ్లీ గీయడంలో. గ్రాఫ్ గీయడం ఎంచుకుంటే మొదటి గంటలోనే, చెయ్యి వణకనప్పుడే, గ్రాఫ్ షీట్ మీదే గీసేయండి. తెల్లకాగితం మీద వద్దు.

"పేపర్ చూడగానే అంతా మర్చిపోయా"

సగం సార్లు ఇది పేపర్ వల్ల కాదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఆటోలో నలభై నిమిషాలు ఇరుక్కుని, ఇడ్లీ కూడా తినకుండా, గేటు దగ్గర ఎవడో "ఈ చాప్టర్ పక్కా వస్తుందంట" అన్న మాట విని లోపలికెళ్తే ఎవరికైనా అంతే. దారిలో మెట్రో ఉంటే మెట్రోనే ఎక్కండి. ఈమధ్య పరీక్ష రోజుల్లో హాల్ టికెట్ చూపిస్తే బీఎంటీసీ సిటీ బస్సులో టికెట్ కొనక్కర్లేదు. అరగంట ముందు చేరి, గేటు దగ్గర గుంపులో నిలబడకండి. లోపల టెన్షన్ మొదలైతే, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే ప్రశ్న ఒకటి వెతికి అది ముందు రాయండి. చెయ్యి కదిలితే మిగతావి గుర్తొస్తాయి.

హాల్ టికెట్ జెరాక్స్ ముందురోజే తీసుకోండి. పరీక్ష కేంద్రం చుట్టూ 200 మీటర్ల లోపు జెరాక్స్ షాపులు మూయిస్తారు.

"ఇన్విజిలేటర్ చెప్పింది అర్థం కాలేదు"

అనంతపురం నుంచి ఫస్ట్ పీయూసీకి వచ్చిన ఒకమ్మాయి "సహి మాడి" అంటే ఏదో మాడిపోయిందనుకుందట. కన్నడలో దానర్థం సంతకం చేయండి అని. రిజిస్టర్ నంబరు, సంతకం దగ్గర ఏ చిన్న అనుమానం వచ్చినా ఇంగ్లీషులో అడిగేయండి, మొహమాటపడొద్దు. ఆ నంబరు చూపించిన గడిలో తప్ప ఇంకెక్కడా రాయకండి.

"నేను కాపీ కొట్టలేదు, అయినా పట్టుకున్నారు"

ముందురోజు రాత్రి కంపాస్ బాక్స్ మూత లోపల, అట్ట వెనక ఒకసారి చూసుకోండి. ఎప్పుడో అంటించిన సూత్రాల చీటీ ఉంటుంది. మీకు గుర్తు కూడా ఉండదు, కానీ ఆ మాట ఎవరూ నమ్మరు. ఇప్పుడు హాళ్లలో కెమెరాలు కూడా ఉన్నాయి. నాన్నగారి స్మార్ట్ వాచ్ ఇంట్లోనే ఉంచండి.

ఇంత చేసినా ఒక పేపర్ చెడిపోతే, 2024 నుంచి ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ పరీక్షలున్నాయి, వాటిలో ఎక్కువ వచ్చిన మార్కులే ఉంచుకోవచ్చు. రెండోదానికి కూర్చునే ముందు వీలైతే స్కాన్ కాపీ తెప్పించుకోండి. ఏ మార్కు జవాబు తెలియక పోయింది, ఏది రాసే తీరు వల్ల పోయింది అని ఎర్ర పెన్నుతో విడివిడిగా గుర్తు పెట్టండి. మా ఏడో ప్రశ్న అబ్బాయి అలా లెక్క వేస్తే, రెండో రకం పదకొండు తేలాయి.