పిలకాయల కంప్యూటర్‌లో కనపడిన యాప్ అల్లా ఎక్కించకుండా ఏం చేయాలంటే

కావలిలో మా అక్కోళ్ల పిల్లోడు ఏడో తరగతి, ఆన్‌లైన్ క్లాసులకని కొనిచ్చిన కంప్యూటర్‌లో రెండు నెలల్లో ఏవేవో గేములు, ఎక్కడివో తెలియని డౌన్‌లోడర్లు ఎక్కించేశాడు, చూస్తే నాకు భయమేసింది.

అసలు తప్పు ఏందంటే వాడు వాడేది అడ్మిన్ అకౌంట్, అంటే కంప్యూటర్‌లో ఏదైనా ఎక్కించే, మార్చే అధికారం ఉండే అకౌంట్. ముందు అది మార్చాలి. విండోస్ 11లో సెట్టింగ్స్, అకౌంట్స్ లోకి పోయి ఫ్యామిలీ దగ్గర పిల్లోడికి వేరే అకౌంట్ పెట్టండి, అది స్టాండర్డ్ యూజర్‌గానే, అంటే ఆ అడ్మిన్ అధికారం లేకుండానే ఉండాల. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే, పుట్టినరోజు తేదీ మాత్రం పెట్టొద్దండి, పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.

ఇంతటితో అయిపోయిందనుకుంటారు చాలామంది, కానీ కొన్ని యాప్‌లు అడ్మిన్ పాస్‌వర్డ్ అడక్కుండానే యూజర్ సొంత ఫోల్డర్‌లో కూర్చుంటాయి, క్రోమ్ కూడా అట్లా ఎక్కించుకోవచ్చు. అందుకే సెట్టింగ్స్‌లో యాప్స్, అడ్వాన్స్‌డ్ యాప్ సెట్టింగ్స్ తెరిచి, యాప్‌లు యాడనుంచి తీసుకోవాలి అనే చోట మైక్రోసాఫ్ట్ స్టోర్ ఒక్కటే పెట్టండి.

తర్వాత మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో (పిల్లల కంప్యూటర్ వాడకాన్ని పెద్దోళ్లు అదుపులో పెట్టుకునే యాప్) పిల్లోడి వయసు లిమిట్ పెడితే, అది దాటిన స్టోర్ యాప్ కావాలంటే మిమ్మల్ని పర్మిషన్ అడగాల్సిందే. మీరు ఒంగోల్లో డ్యూటీలో ఉన్నా ఫోన్‌లోనే ఓకే చెప్పొచ్చు, వద్దనొచ్చు.

పాతగా ఎక్కించినవి మాత్రం మీరే కూర్చుని తీసేయాల, పిల్లోడిని పక్కన పెట్టుకుని ఏది ఎందుకు తీస్తున్నారో చెప్తా తీయండి.