మనవాళ్లు నేపాల్ భూకంపంలో చిక్కుకుంటే ఎలా వెతకాలి, సాయం ఎలా పంపాలి

2015 ఏప్రిల్ 25, శనివారం. నేపాల్‌లో 11:56, మన గడియారంలో 11:41. గోర్ఖా జిల్లా బార్పాక్ దగ్గర 7.8 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు 9,000 మంది పోయారు. పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలకు మన ఊళ్ల నుంచి ఏటా బస్సులకు బస్సులే వెళ్తాయి. అలాంటి కబురు మళ్లీ వస్తే ఇంట్లో ఉన్నవాళ్లు వరసగా ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. కంగారులో ఏదీ గుర్తురాదు.

మొట్టమొదట ఫోన్ సంగతి. లైన్ దొరకడం లేదని ఇంటిల్లిపాదీ అదేపనిగా డయల్ చేయకండి. కాల్ కలవాలంటే రెండు వైపులా లైన్ ఖాళీగా ఉండాలి. ఎస్సెమ్మెస్‌కు ఆ అవసరం లేదు, సందు దొరికినప్పుడు దానంతటదే చేరుతుంది. పైగా మీరు చేసే ప్రతి కాల్‌కూ అవతల బ్యాటరీ తగ్గుతుంది. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి, అందులో గుణింతాల గుర్తులూ లెక్కే. ఇంగ్లీషు అక్షరాల్లో 160 పడతాయి. కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి: "క్షేమమేనా? ఎక్కడున్నారు? ఎంతమంది? పొద్దున 8కి, రాత్రి 8కి మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేయండి." నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది, ఏ 8 గంటలో కూడా చెప్పండి. వాళ్ల దగ్గర ఉన్నది ఇండియా సిమ్మే అయితే ఇక్కడి నుంచే దానికి రోమింగ్ ప్యాక్ వేయండి. బ్యాలెన్స్ లేక మాట్లాడలేకపోతున్నవాళ్లు అక్కడ ఉంటారని మనకు తట్టదు.

తర్వాత ఇంట్లో ఒక్కరిని ఎంచుకోండి. వార్తలన్నీ ఆ ఒక్కరికే చేరాలి, అధికారులతో ఆ ఒక్కరే మాట్లాడాలి. పెద్దమ్మ కొడుకు ఒక నంబరుకు, బాబాయి ఇంకో నంబరుకు ఫోన్ చేస్తే ఒకే మనిషి మూడు పేర్లతో జాబితాకెక్కుతాడు. అతని కోసం మూడుసార్లు వెతుకుతారు, ఇంకొకరికి ఆలస్యమవుతుంది.

ఆ ఒక్కరి చేతిలో ఒక కాగితం ఉండాలి. మనిషికో కాగితం. పాస్‌పోర్టులోనో ఓటరు కార్డులోనో ఉన్నట్టే పూర్తి పేరు (ఇంటిపేరు ముందుంటే ముందే రాయాలి, మార్చకూడదు), వయసు, కార్డు నంబరు, రెండు ఫోన్ నంబర్లు, హోటల్ పేరు, ట్రావెల్స్ వాళ్ల నంబరు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ల పేర్లు, చివరిసారి మాట్లాడిన సమయం, అప్పుడు ఉన్న చోటు. వేసుకునే మందులు కూడా. బీపీ బిళ్ల రెండు రోజులు మానితే ఏమవుతుందో పెద్దవాళ్లున్న ఇళ్లకు తెలుసు. ముఖం స్పష్టంగా కనిపించే ఈమధ్య ఫొటో ఒకటి. పెళ్లి ఫొటోలు పనికిరావు.

ఈ కాగితంతో కాఠ్‌మాండూలోని భారత రాయబార కార్యాలయానికి, ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ భవన్‌కో తెలంగాణ భవన్‌కో, మీ జిల్లా కలెక్టరేట్‌కు చెప్పండి. నంబర్లు విదేశాంగ శాఖ సొంత పేజీ నుంచే తీసుకోండి, వాట్సాప్‌లో తిరిగేవి నమ్మొద్దు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్‌కు విడిపోయిన కుటుంబాలను కలిపే విభాగం ఉంది, అక్కడా నమోదు చేయండి. మనిషి దొరికాక ప్రతిచోటా చెప్పి పేరు తీయించండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

మాట కలిసిన తర్వాత అడిగేవి తక్కువగా, చెప్పేవి స్పష్టంగా ఉండాలి. పగుళ్లు వారిన కట్టడంలోకి సామాను కోసం కూడా వెళ్లొద్దని చెప్పండి. 2015లో పదిహేడు రోజుల తర్వాత, మే 12న, 7.3 తీవ్రతతో మళ్లీ కంపించి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ప్రహరీలకు, కరెంటు స్తంభాలకు దూరంగా ఆరుబయటే పడుకోమనండి. నీళ్లు బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు మరగాలి. కాగితాలు పోగొట్టుకున్నవాళ్లకు రాయబార కార్యాలయం తిరుగు ప్రయాణానికి అత్యవసర పత్రం ఇస్తుంది.

మీరు బయల్దేరొద్దు. గుండె ఒప్పుకోదని తెలుసు. త్రిభువన్ విమానాశ్రయానికి ఉన్నది ఒక్కటే రన్‌వే. 2015లో సహాయ సామగ్రితో వచ్చిన విమానాలే దిగడానికి చోటు లేక వెనక్కి మళ్లాయి. మీరు తినే తిండి, ఎక్కే జీపు సీటు అక్కడివాళ్ల వాటాలోంచే పోతాయి.

ఇక సాయం. ఇలాంటప్పుడు మనవాళ్ల చెయ్యి పెద్దది, అడగకుండానే తెచ్చిస్తారు. ఆ మంచితనం వృథా పోకూడదనే ఇంత చెప్పడం. 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లోని భుజ్‌కు లారీల కొద్దీ వెళ్లిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. ఎవరూ అడగని వస్తువును దించడానికీ, విడదీయడానికీ మనుషులు కావాలి. ఆ మనుషులు అప్పుడు ఉండరు. అందుకే డబ్బే మేలు. వ్యక్తుల యూపీఐకి వేయకండి, సంస్థ పేరు తెరమీద కనబడ్డాకే నొక్కండి. మన దేశంలో సంస్థకు నగదు 2,000 రూపాయలు దాటితే విరాళానికి ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మన బంధువుల డబ్బు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేని సంస్థ తీసుకోకూడదు. వాళ్లు తామున్న దేశంలోని సంస్థకే ఇవ్వడం సులువు.

సామాను పంపి తీరాలంటే అక్కడి సంస్థను అడిగి ఒకే రకం పంపండి. టార్పాలిన్ ఎప్పుడూ అక్కరకొస్తుంది. సహాయ సంస్థలు వాడే కొలత 4x6 మీటర్లు, కుటుంబానికి రెండు. మనిషికి 3.5 చదరపు మీటర్ల నీడ కావాలని లెక్క, అంటే అయిదుగురికి పదిహేడున్నర. ఒకటి కప్పుకు, ఒకటి కిందికీ పక్కలకూ. 30 మీటర్ల తాడు లేకుండా టార్పాలిన్ పంపితే సగం పనే చేసినట్టు. కట్టేవాళ్లకు ఇది చెప్పండి: మూల కన్నం చిరిగిపోతే, కాస్త లోపలికి గుండ్రటి గులకరాయి పెట్టి, పట్టను దాని చుట్టూ మడిచి మెడ దగ్గర తాడు బిగించాలి. కన్నం కన్నా ఆ ముడే గట్టిగా నిలుస్తుంది. నడుమ తాడు లాగి పట్టను రెండు వైపులా వాలుగా దించాలి. చదునుగా కడితే ఒక్క వానకే నీళ్లు నిలిచి కుంగుతుంది. చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వాలి.

తిండిలో అటుకులు మంచివి. నేపాలీలకు అలవాటైన తిండి, పొయ్యి అక్కర్లేదు. పులిహోర పొట్లాలు దారిలోనే పాడవుతాయి. మూట 25 కిలోలు దాటనివ్వకండి, రోడ్డు లేని ఊళ్లకు మనిషి వీపు మీదే ఎక్కాలి. లోపల ఏముందో, ఎన్నున్నాయో దేవనాగరి లిపిలో మూడు వైపులా రాయండి. తెలుగులో రాస్తే నేపాల్‌లోని సింధుపాల్‌చోక్ జిల్లాలో చదివేవాళ్లుండరు.

పోగైన డబ్బంతా మొదటి వారంలోనే పంపేయకండి, మూడో వంతు ఆపండి. జూన్‌లో అక్కడ వానలు మొదలవుతాయి. టార్పాలిన్ల కింద ఉన్నవాళ్లకు అప్పుడు కావలసినవి ఇనుప రేకులు. 2015లో నేపాల్ ప్రభుత్వం తాత్కాలిక గూడుకు ఇంటికి 15,000 నేపాలీ రూపాయలు ఇచ్చింది, అంటే మన డబ్బులో పది వేలలోపే. ఇల్లు కట్టుకోవడానికి మూడు లక్షల నేపాలీ రూపాయలు తర్వాత విడతలుగా అందాయి. ఆ రెండింటి మధ్య నెలల్లో టీవీల వాళ్లు ఉండరు, చందాలు ఆగిపోతాయి. ఆపిన మూడో వంతు అప్పుడు పంపండి.